సింహాచలం: కప్పిన దేవుడు, రాసిన గోడలు

విశాఖపట్నం శివార్లలో అడవివరం పక్కనున్న కొండ మీద వరాహ లక్ష్మీనృసింహస్వామి గుడి ఉంది. ఏడాదిలో ఒక్క రోజు తప్ప మిగతా రోజులన్నీ ఆ గర్భగుడిలో కనిపించేది నిలువెత్తు గంధపు ముద్ద. ముఖం తెలియదు, చేతులు తెలియవు. మొదటిసారి వెళ్ళినవాళ్ళు చాలామంది శివలింగం అనుకుంటారు. లోపలున్నది నరసింహుడని, అందులోనూ వరాహం కలిసిన నరసింహుడని పక్కవాళ్ళు చెబితే తప్ప తెలియదు. దీన్ని నిత్యరూపం అంటారు. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు మాత్రం గంధం తీసి విగ్రహాన్ని చూపిస్తారు. అది నిజరూప దర్శనం, ఆ పండగే చందనోత్సవం. వరాహం తల, మనిషి శరీరం, సింహం తోక ఉన్న ఆ మూర్తిని చూడటానికి దక్కేది దాదాపు పన్నెండు గంటలు. ఆ రాత్రే మళ్ళీ గంధం పూత మొదలవుతుంది.

పత్రికలు, టీవీలు ఏటా ఆ ఒక్క రోజు గురించే మాట్లాడతాయి. జనం కూడా ఆ రోజుకే ఎగబడతారు. కానీ గుడి కట్టడాన్ని, శాసనాలను, పూజల క్రమాన్ని కలిపి చూస్తే ఈ క్షేత్రం నడక అంతా మిగతా రోజుల చుట్టూనే అల్లుకుని ఉందని తెలుస్తుంది. దేవుణ్ణి చూపించడం కంటే కప్పి ఉంచడం మీదే ఇక్కడ ఎక్కువ శ్రద్ధ, ఎక్కువ ఖర్చు, ఎక్కువ శ్రమ కనిపిస్తాయి.

స్థలపురాణం కూడా కప్పడం గురించే చెబుతుంది. హిరణ్యకశిపుడు కొడుకును సముద్రంలో పడేయించి మీద కొండను మోపమన్నాడట. విష్ణువు పరుగున వచ్చి ప్రహ్లాదుణ్ణి కాపాడాడు. వచ్చిన తొందరలో పాదాలు నేలలోకి దిగిపోయాయని, అందుకే విగ్రహానికి పాదాలు కనిపించవని చెబుతారు. ప్రహ్లాదుడు కట్టిన గుడి కాలం గడిచి పాడుపడింది, విగ్రహం చుట్టూ పుట్ట పెరిగింది. తర్వాతి యుగంలో పురూరవుడు ఊర్వశితో కలిసి ఇటు వచ్చి పుట్టను తవ్వి స్వామిని బయటికి తీశాడు. అప్పుడు ఆకాశవాణి చెప్పిన షరతు ఒకటే: తీసిన పుట్టమన్ను ఎంతో, అంత చందనం పూసి ఉంచాలి, ఏడాదికి ఒక్కసారే నిజరూపం చూడాలి. మన్ను పోయిన చోట గంధం వచ్చిందన్నమాట. మన ఊళ్ళలో పుట్టలో వెలిసిన దేవుళ్ళు చాలామందే ఉన్నారు. బయటికి తీసిన తర్వాత కూడా పుట్టకు బదులు ఇంకో కప్పు కావాలని అడిగిన దేవుడు మాత్రం అరుదు.

ఇంకో కథ రామానుజాచార్యుల చుట్టూ తిరుగుతుంది. అప్పటిదాకా ఇది శైవక్షేత్రమనీ, వాదంలో గెలిచి ఆయన దీన్ని వైష్ణవక్షేత్రం చేశారనీ, లింగరూపాన్ని చెక్కబోతే నెత్తురు వచ్చిందనీ, అది ఆగడానికి చందనం అద్దారనీ చెబుతారు. శ్రీకూర్మం గురించి కూడా ఇలాంటి కథే ఉంది. ఇది నమ్మకం, దీన్ని చరిత్ర అనుకోకూడదు. అయితే కథకు ఆధారం పూర్తిగా లేదనీ అనలేం. కొండ మీద క్షేత్రపాలకుడు త్రిపురాంతకస్వామి, అంటే శివుడే. కొండ అడవిలో భైరవవాక ఉంది. కొండ మీది నీటి ఊట గంగధార దగ్గర కాశీ విశ్వేశ్వరుడున్నాడు. వైష్ణవ దేవుడి చుట్టూ శివుడు కాపలా కాసే క్షేత్రం ఇది.

శాసనాలు ఈ కథలకు ఒక చిన్న మెలిక పెడతాయి. 12వ శతాబ్దంలో వెలనాటి గొంకరాజు రాణి ఒకామె ఇక్కడి విగ్రహాన్ని బంగారంతో కప్పించినట్టు గుడిలోని ఒక శాసనం చెబుతోంది. ఆ బంగారం తొడుగుకూ గంధానికీ అప్పట్లో ఉన్న సంబంధమేమిటో ఆ ఒక్క వాక్యంతో తేలదు. కానీ ఈ మూర్తికి ఒక ఆచ్ఛాదన కావాలన్న ఆలోచన కనీసం ఎనిమిది వందల ఏళ్ళ నాటిదని మాత్రం తేలుతుంది.

ఇప్పుడు గంధం సంగతి. ఏటా స్వామికి పూసే గంధం మొత్తం పన్నెండు మణుగులు, సుమారు 500 కిలోలు. అంతా ఒకేసారి పూయరు. అక్షయ తృతీయ రాత్రి మూడు మణుగులు, వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి మూడు. అంటే విడతకు దాదాపు 125 కిలోలు. మూడో నెలకల్లా స్వామి నిండు రూపానికి వస్తాడు. నడి ఎండాకాలంలో మొదలై వానాకాలంలో పూర్తయ్యే ఈ పూతలో ఉగ్రమూర్తిని చల్లబరచడమనే భావం ఉంది.

గంధపు చెక్కలు తమిళనాడు నుంచి తెప్పిస్తారు. మేలురకాన్ని జాజిపోకల చందనం అంటారు. ఉత్సవానికి కొన్ని రోజుల ముందు నుంచే అరగదీత మొదలవుతుంది. రాతి సానల మీద నీళ్ళు చిలకరిస్తూ చెక్కను చేత్తో రుద్ది తీస్తారు. గంధపు చెక్క గట్టిది, రోజంతా రుద్దినా వచ్చే ముద్ద తక్కువే. కాబట్టి ఒక్కో విడతకు మనుషులు వరసగా కూర్చుని రోజుల తరబడి పనిచేస్తే తప్ప ఆ బరువు తయారు కాదు. ఇలా తీసిన గంధాన్ని తూచి, సుగంధ ద్రవ్యాలు కలిపి భాండాగారంలో దాస్తారు. మిక్సీలు, మిల్లులు ఉన్న ఈ రోజుల్లో కూడా ఈ పని చేతి మీదే సాగుతోంది. సింహాచలం ఆచారాల్లో అసలు కష్టమైన భాగం ఇదే. భక్తులు మాత్రం దీన్ని పెద్దగా చూడరు.

చందనోత్సవం రోజు తెల్లవారకముందే సుప్రభాతం అయ్యాక అర్చకులు వెండి బొరిగెలతో గంధాన్ని వలుస్తారు. ఏడాదంతా పట్టి ఉన్న పూత కాబట్టి జాగ్రత్తగా, నెమ్మదిగా తీస్తారు. అంతా అయ్యాక కూడా స్వామి తల మీద, ఛాతీ మీద రెండు చందనపు ముద్దలు ఉంచుతారు. నిజరూపం రోజున కూడా గంధం పూర్తిగా పోదు. మొదటి దర్శనం ఆనువంశిక ధర్మకర్తలైన విజయనగరం పూసపాటి వంశస్థులది. తిరుమల తిరుపతి దేవస్థానం తరఫున పట్టువస్త్రాలు వస్తాయి. ఆపైన జనం. రాత్రి దర్శనాలు ఆగాక గంగధార నీళ్ళు తెచ్చి సహస్ర ఘటాభిషేకం చేస్తారు. వెయ్యి కడవల నీళ్ళు గర్భగుడి దాకా చేతులు మారుతూ వస్తాయి. తర్వాత మొదటి విడత గంధం. వలిచిన పాత గంధం భక్తులకు ప్రసాదం.

ఇక కట్టడం. గుడి పడమటి ముఖంగా ఉంది. తూర్పు ముఖంగా ఉండటం మామూలు కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెప్పుకుంటారు. పడమటి ముఖం విజయానికి గుర్తని వాడుక. శ్రీకూర్మంలో కూర్మనాథుడూ పడమటికే చూస్తాడు. బయటి నుంచి చూస్తే ప్రాకారాలు, ద్వారాలతో గుడి చిన్న కోటలా కనిపిస్తుంది. చుట్టూ కొండలు, ఒక పక్క లోయ, దూరంగా సముద్రం. కొండ ఎత్తు సుమారు 800 అడుగులు. బస్సులూ కార్లూ పైదాకా వెళ్తాయి. అడవివరం వైపు నుంచి మెట్ల దారి కూడా ఉంది, మొక్కున్నవాళ్ళు మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతారు.

ఇప్పుడు కనిపిస్తున్న ప్రధాన కట్టడం 13వ శతాబ్దంలో కళింగను ఏలిన తూర్పు గాంగులది. క్రీ.శ. 1267-68 నాటి శాసనం ప్రకారం, గాంగరాజు మొదటి నరసింహదేవుడి ఆజ్ఞతో అక్కాయి సేనాపతి అనే అధికారి గర్భగుడిని, ముఖమండపాన్ని, నాట్యమండపాన్ని, చుట్టూ ఉన్న వసారాను నల్లరాతితో కట్టించాడు. ఈ నరసింహదేవుడే కోణార్క సూర్యదేవాలయం కట్టించిన రాజు. రెండు కట్టడాలకూ మధ్య దూరం వందల కిలోమీటర్లు, కానీ కట్టించిన చేయి ఒకటే. సింహాచలంలో ఉత్తరం వైపు రాతి గుర్రాలు లాగే చిన్న రాతి రథం కనిపిస్తుంది. కోణార్కలో గుడినే రథంగా చేసిన రాజు ఇక్కడ ఆ ఊహను మూలకు చిన్నగా ఒదిగించాడని అనిపిస్తుంది.

రాయి విషయంలో రెండింటికీ తేడా ఉంది. కోణార్కలో ఎక్కువగా వాడిన ఖోండలైట్ రాయి మెత్తన. ఉప్పుగాలికి, వానకు అరిగిపోయి అక్కడి శిల్పాలు చాలావరకు దెబ్బతిన్నాయి. విశాఖ చుట్టుపక్కల కొండలు కూడా ఎక్కువగా ఖోండలైట్‌వే, తవ్విన చోటల్లా ఎర్రగా, పొరలుగా కనిపించేది అదే. సింహాచలం గుడికి మాత్రం గట్టి నల్లరాతిని ఎంచుకున్నారు. దాని వల్లే గోడల మీది లతలు, ఏనుగుల వరసలు, పూలపట్టీలు ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా గీత పోకుండా ఉన్నాయి. కట్టించినవాళ్ళకు రాయి రంగు, గట్టిదనం ముఖ్యమని తెలుసు. శాసనంలో నల్లరాతి మాట ప్రత్యేకంగా రావడం అందుకే కావచ్చు.

గర్భగుడి చతురస్రం. దాని మీది శిఖరం అంతస్తులుగా సన్నబడుతూ లేస్తుంది. ముందు చిన్న శిఖరమున్న అంతరాళం, అంటే గర్భగుడికీ మండపానికీ మధ్య ఉండే చిన్న గది, దాని ముందు పదహారు స్తంభాల ముఖమండపం, చుట్టూ కప్పు వేసిన వసారా. వెలుపలి గోడ గూళ్ళలో వరాహ, నరసింహ, త్రివిక్రమ మూర్తులున్నాయి. గంధం కింద దాగిన రెండు అవతారాలూ గోడ మీద విడివిడిగా, స్పష్టంగా, పగటి వెలుతురులో ఉన్నాయన్నమాట. లోపల చూడలేనిది బయట చూపించారు. ఇది కావాలని చేశారో, గోడ గూళ్ళలో అనుబంధ మూర్తులను పెట్టే పార్శ్వదేవతల నియమం ప్రకారం వచ్చిందో గానీ, ఏడాదంతా వచ్చే భక్తుడికి స్వామి ఎవరో చెప్పేది ఆ గోడే. దర్శనం అయ్యాక నేరుగా ప్రసాదం కౌంటర్ వైపు నడిచే జనం ఒక్క ప్రదక్షిణం నెమ్మదిగా చేస్తే నిజరూపంలో సగం అక్కడే కనబడుతుంది. గోడల మీద ఒక రాజపురుషుడి బొమ్మలు కూడా రకరకాల భంగిమల్లో ఉన్నాయి. అవి నరసింహదేవుడివేనని అంటారు. కొన్ని శిల్పాలు పగిలిపోయి ఉన్నాయి.

ముఖమండపంలో కప్పస్తంభం ఉంది. దాని కింద సంతానగోపాల యంత్రం ఉందని నమ్మకం. పిల్లలు లేనివాళ్ళు, కోరికలున్నవాళ్ళు దాన్ని కౌగిలించుకుని మొక్కుకుంటారు. మొక్కు తీరితే కోడెదూడను తెచ్చి సమర్పించే అలవాటు ఉత్తరాంధ్ర పల్లెల్లో బలంగా ఉంది. రాతి స్తంభాన్ని మనిషిని పట్టుకున్నట్టు పట్టుకోవడం చూస్తే, గర్భగుడిలో దేవుడు గంధం వెనుక ఉండిపోతే జనం తాకడానికి ఒక చోటు వెతుక్కున్నారని అనుకోవచ్చు. శాస్త్రం ఏం చెప్పినా ఈ గుడిలో జనానికి అన్నిటికంటే దగ్గరైన వస్తువు ఆ స్తంభమే.

గర్భగుడికి వెళ్ళే దారిలోని గడపను నీలాద్రి గుమ్మం అంటారు. చందనోత్సవం రోజు మామూలు భక్తులకు దర్శనం అక్కడి నుంచే. పూరీ జగన్నాథుడి క్షేత్రాన్ని నీలాద్రి అనే వాడుక ఉంది. గాంగులు పూరీలో జగన్నాథుణ్ణి కొలిచిన రాజులు కూడా. ఆ పేరు ఇక్కడ ఎప్పుడు పడిందో గానీ, కళింగ ఛాయ ఈ గుడిలో రాళ్ళలోనే కాక మాటల్లోనూ ఉంది.

రాజులు ఇంత దక్షిణాన ఇంత ఖర్చు ఎందుకు పెట్టారు? దీనికి భక్తి ఒక్కటే జవాబు కాదు. సింహాచలం అప్పటికి సరిహద్దు ప్రాంతం. ఇక్కడి శాసనాల్లో పాతది క్రీ.శ. 1098-99 నాటిది, కులోత్తుంగ చోళుడి కాలానిది. ఒక వ్యక్తి గుడికి తోటను దానం చేసిన సంగతి అందులో ఉంది. ఆ రోజుల్లో విశాఖపట్నానికి కులోత్తుంగచోళపట్టణం అనే పేరు కూడా ఉండేది. అంటే దక్షిణం నుంచి చోళుల ఏలుబడి ఇక్కడిదాకా వచ్చింది. తర్వాత వెలనాటి వాళ్ళు, ఆపైన గాంగులు, గజపతులు. చేతులు మారే నేల మీద ఎవరు గట్టిగా కట్టిస్తే వాళ్ళ మాట నిలుస్తుంది. నరసింహదేవుడు నల్లరాతితో మళ్ళీ కట్టించడంలో రాజ్యం హద్దు రాయి పాతిన లెక్క కూడా ఉంది.

ఈ సంగతి కృష్ణదేవరాయలికి బాగా తెలుసు. కళింగ దండయాత్రలో గజపతి ప్రతాపరుద్రుడి మీద గెలుస్తూ వచ్చిన రాయలు 1516లో సింహాచలం వచ్చాడు. శత్రురాజు గుడి అని ముట్టకుండా వదల్లేదు, దోచుకోనూ లేదు. తండ్రి నరసానాయకుడికి, తల్లి నాగలాదేవికి పుణ్యం కోసమని ముత్యాల హారం, పతకం, శంఖచక్రాలు వంటివి సమర్పించి శాసనం వేయించాడు. రాణులు చిన్నాదేవి, తిరుమలాదేవి కూడా కానుకలిచ్చారు. 1519లో మళ్ళీ వచ్చాడు. దగ్గర్లోని పొట్నూరులో జయస్తంభం నాటించాడు. యుద్ధంలో గెలిచిన నేలను తర్వాత సంధిలో గజపతికే తిరిగి ఇచ్చేశాడు, కానీ గుడి గోడ మీద పేరు మాత్రం ఉండిపోయింది. రాజ్యాలు పోయినా శాసనాలు చెరిగిపోవని ఆ రాజులకు తెలుసు. అందుకే గోడలో ఖాళీ ఉన్న చోటల్లా రాయించారు.

ఆ రాతలు వందల సంఖ్యలో ఉన్నాయి. ఎక్కువ తెలుగువి, సంస్కృతంవి, కొన్ని ఒడియావి. రాజుల పేర్ల కోసం చూస్తే కొన్నే దొరుకుతాయి. మిగతావి చాలావరకు మామూలు లెక్కలు. ఎవరో అధికారి అఖండదీపం కోసం శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో, ఇన్ని గండమాడలు (అప్పటి నాణేలు) వేశాడు, ఎవరో గృహిణి భోగానికి ఇంత బియ్యం ఏర్పాటు చేసింది, ఎవరో పూలతోటకు భూమి ఇచ్చారు, స్వామి ముందు పాడేవాళ్ళకు, ఆడేవాళ్ళకు జీతం ఏర్పాటు. గాంగుల కాలపు గండమాడలు ఎలా చెల్లేవో, ఒక దీపం ఏడాదంతా వెలగడానికి ఎంత మూలధనం కావాలో ఈ గోడల మీద తెలుస్తుంది. నాట్యమండపం ఎందుకు అవసరమైందో కూడా వీటిని చదివితేనే అర్థమవుతుంది. సాయంత్రం పూజలో ఆట, పాట సేవలో భాగం, వాటికి మనుషులు, ఆ మనుషులకు తిండి. రాతి స్తంభాలు దానికి కట్టిన ఇల్లు. చదివేవాళ్ళు లేక ఇప్పుడవి మూగగా ఉన్నాయి గానీ, చందనోత్సవం కంటే ఈ గుడి ఎక్కువ సంగతులు చెప్పేది వీటిలోనే.

పూజా విధానంలోనూ ఇలాగే పలు పొరలున్నాయి. ఆగమం, అంటే పూజలు నడిపే శాస్త్రం, పాంచరాత్రం. సేవల్లో శ్రీవైష్ణవ సంప్రదాయం, తమిళ దివ్యప్రబంధ పారాయణ, ధనుర్మాసంలో తిరుప్పావై. ఇది చోళదేశం నుంచి వచ్చిన ధార. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు 13వ శతాబ్దం చివర్లో కళింగ రాజ్యంలో పెద్ద బాధ్యతలు మోశారు. ఆయన శాసనాలు శ్రీకూర్మంలోనూ, సింహాచలంలోనూ ఉన్నాయి. మరో పక్క తెలుగులో కృష్ణమాచార్యుడు సింహగిరి నరహరిని పిలుస్తూ వచనాలు చెప్పాడు. కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంవాడని అంటారు. దేవుడితో నేరుగా మాట్లాడినట్టు సాగే ఆ వచనాలు, తర్వాత తాళ్ళపాకవారు పెంచిన సంకీర్తన దారికి ముందు మెట్టు. అంటే ఒకే గుడిలో కట్టడం కళింగులది, పారాయణ తమిళం, పిలుపు తెలుగు. వీటిలో ఏది అసలుదని వాదించుకోవడం దండగ. సరిహద్దులో ఉన్న గుడికి ఇలా ఉండటమే సహజం.

ఊరి జనానికి ఈ పొరలతో పనిలేదు. వాళ్ళకు ఆయన సింహాద్రి అప్పన్న. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా ఏ ఊళ్ళో కేకేసినా ఒక అప్పలరాజో, అప్పలనాయుడో, అప్పలనర్సమ్మో, సింహాచలమో పలుకుతారు. సింహాచలం అన్న పేరు మగవాళ్ళకూ ఉంది, ఆడవాళ్ళకూ ఉంది. చైత్రం చివర గంధం అమావాస్య నాడు మత్స్యకార కుటుంబాలు పెద్ద సంఖ్యలో కొండకు వస్తాయి. ముందురోజు రాత్రే వచ్చి కింద వరాహ పుష్కరిణి దగ్గర బస చేసి, తెల్లారి పుష్కరిణిలో మునిగి కొండెక్కుతారు. చందనోత్సవానికి రెండు మూడు రోజుల ముందు జరిగే ఈ జాతరకు టీవీ కెమెరాలు తక్కువే వస్తాయి. సముద్రం మీద బతికేవాళ్ళకూ, సముద్రంలో పడ్డ పిల్లాణ్ణి కాపాడిన దేవుడికీ ఉన్న ఈ బంధుత్వం స్థలపురాణం కంటే తక్కువదేమీ కాదు.

స్వామి పెళ్ళి ముచ్చట కూడా ఊరి మనుషుల పెళ్ళిలాగే నడుస్తుంది. ఫాల్గుణ పౌర్ణమికి డోలోత్సవం. ఆ రోజు స్వామి కొండ దిగి చెల్లెలు పైడితల్లమ్మ గుడికి పెళ్ళి మాటలకు వస్తాడని, ఆమె కూతుర్ని అడుగుతాడని అంటారు. మేనరికం అన్నమాట, కోస్తా ఇళ్ళలో లాగే. ఆపైన ఉద్యానమండపంలో ఊయల, రంగులు. తర్వాత చైత్ర శుద్ధ ఏకాదశి నాడు కల్యాణం. దానికి ముందు ఆడవాళ్ళు రోళ్ళలో పసుపు కొమ్ములు దంచే కొట్నాల ఉత్సవం. పెళ్ళి ముగిశాక దొంగలదోపు ఉత్సవంలో స్వామి ఉంగరం పోయిందని హడావుడి చేసి, అందరినీ నిలదీసి, నవ్వుకుంటారు. పుష్య అమావాస్యకు పుష్కరిణిలో తెప్పోత్సవం. గంధం వెనుక గంభీరంగా ఉండే మూలవిరాట్టుకూ, ఉంగరం పోగొట్టుకుని అల్లరి చేసే ఉత్సవమూర్తికీ మధ్య ఎంత తేడా! జనం ఇద్దరినీ ఒకరే అనుకోవడంలో ఏ ఇబ్బందీ పడరు.

గుడి పాలన దాదాపు మూడు వందల ఏళ్ళుగా పూసపాటి వారితో ముడిపడి ఉంది. ఇప్పుడు రాష్ట్ర దేవాదాయ శాఖ అధికారి ఆధ్వర్యంలో దేవస్థానం నడుస్తుంది, ధర్మకర్త హోదా వంశపారంపర్యంగా సాగుతోంది. పాత రాజులు, జమీందార్లు ఇచ్చిన భూములు ఒకప్పుడు గుడికి తిండి పెట్టాయి. నగరం పెరిగాక అవే తలనొప్పి అయ్యాయి. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. ఈ ఐదూళ్ళలో దేవస్థానం భూముల మీద వేల ఇళ్ళు లేచాయి. తరాలుగా ఉంటున్నవాళ్ళకు అమ్మే హక్కు లేదు, కట్టుకునే అనుమతి రాదు, రిపేరు చేయించాలన్నా టెన్షన్. పంచగ్రామాల సమస్య అనే పేరుతో అది ప్రతి ఎన్నికల్లోనూ హామీగా వస్తుంది. దీపానికని, నైవేద్యానికని రాతి మీద రాసిచ్చిన భూమికి ఇంత దూరపు పర్యవసానం ఉంటుందని దానం చేసినవాళ్ళు ఊహించి ఉండరు.

మళ్ళీ నిజరూపం రోజు దగ్గరికి వద్దాం. ఈ గుడి లోపలి దారి ఇరుకు. పదహారు స్తంభాల మండపం, చిన్న అంతరాళం, ఒకే గుమ్మం. రోజుకు కొన్ని వందల మంది వచ్చే కాలపు కొలతలవి. లక్షల మంది పన్నెండు గంటల్లో చూడాలంటే ఆ గుమ్మం ముందు ఒక్కొక్కరికి దక్కేది రెప్పపాటు. మిగతా సమయమంతా కొండవాలు మీద వేసిన క్యూలైన్లలో, ఎండలోనో వానలోనో గడుస్తుంది. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం తెల్లవారుజామున కురిసిన వానకు, కొత్తగా కట్టిన గోడ 300 రూపాయల టికెట్ క్యూ మీద కూలి ఏడుగురు చనిపోయారు. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి నల్లరాతి గోడలు నిలిచిన కొండ మీదే ఇది జరిగింది. తొందరలో, ఉత్సవం తేదీ ముంచుకొస్తుంటే, వాలు నేల మీద, నీరు పోయే దారి చూసుకోకుండా గోడ కడితే ఏమవుతుందో చెప్పడానికి శిల్పశాస్త్రం అక్కర్లేదు. టికెట్ ధరలు, వీఐపీ పాసుల గొడవ ఏటా ఉన్నదే. వీటన్నిటికీ మూలం ఒక్కటే, కప్పి ఉంచడం కోసం ఏర్పడ్డ క్షేత్రాన్ని ఒక్కరోజు ప్రదర్శన చుట్టూ తిప్పడం. గంధం రూపంలో ఉన్నా ఆయన ఆయనేనని ఆచారం చెబుతోంది, దాని పేరే నిత్యరూపం. అక్షయ తృతీయ నాడు చూస్తేనే చూసినట్టు అన్న పట్టింపు ఆ ఆచారంలో ఎక్కడా లేదు.

ఈ మాటకు జనం ఆచరణలోనే ఆధారం దొరుకుతుంది. ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరిప్రదక్షిణకు కూడా లక్షల్లోనే వస్తారు, ఆ రోజు చూడటానికి ప్రత్యేకంగా ఏ రూపమూ ఉండదు. ముందురోజు చతుర్దశి మధ్యాహ్నం నుంచే కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పూఘర్ చేరి సముద్రంలో స్నానం చేస్తారు. అక్కడి నుంచి ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం, ప్రహ్లాదపురం దాటి మళ్ళీ తొలిపావంచా. 32 కిలోమీటర్లు. రాత్రంతా నడక, చాలామంది చెప్పుల్లేకుండా. దారిపొడుగునా కాలనీల వాళ్ళు మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు పెడతారు, కాళ్ళకు మందు రాస్తారు. నగరం ట్రాఫిక్ ఆ ఒక్కరాత్రి అప్పన్నకు దారి ఇస్తుంది. ఈ నడకలో కొండ మొత్తం గర్భగుడి అవుతుంది. టికెట్టూ లేదు, వీఐపీ లైనూ లేదు, ఎవరి కాళ్ళు వాళ్ళవి.

నడక ముగించినవాళ్ళలో ఓపికున్నవాళ్ళు పౌర్ణమి పొద్దున కొండెక్కి దర్శనం చేసుకుంటారు. ఆ రోజే స్వామికి నాలుగో విడత మూడు మణుగుల గంధం పూస్తారు, దాంతో పన్నెండు మణుగులూ నిండుతాయి.